ఎల్లయ్య మామ బిగించిన చక్రం

మోటారు పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాడికి మొదటి రోజు నుంచే ఇంజను మీద కన్ను. బానెట్టు లేపి లోపలికి తల దూరిస్తే చాలు, తాను మెకానిక్కు అయిపోయినట్టే అనుకుంటాడు. వాడి చేతికి పానా ఇచ్చి చక్రం బిగించమంటే ముఖం మాడ్చుకుంటాడు. అది కూలివాడి పని అని వాడి లెక్క. నేనూ ఒకప్పుడు అలా ముఖం మాడ్చుకున్నవాణ్ణే, అందుకని వాణ్ణి తిట్టను. ఇంజను పాడైతే బండి ఆగుతుంది, జనం దిగి మనల్ని నాలుగు మాటలు అని నడిచి పోతారు. చక్రం ఊడితే బండి ఆగదు, ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే ఆ కుర్రవాడు ముఖం మాడ్చుకోవడం మానేస్తాడని నా నమ్మకం.

నేను షోలాపూర్‌లో, దాజీ పేటలో, మగ్గాల ఇంట్లో పుట్టాను. మా తాతలు కరీంనగరం దిక్కు నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. ఇంట్లో అందరూ నేతపని చేస్తే నేను మాత్రం లారీల కిందా బస్సుల కిందా పడుకుని బతికాను. ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు, పని మానేసి చాలా కాలమైంది. గ్యారేజీ పిల్లలు "మీ కాలం సంగతులు రాయి తాతా" అని ప్రాణం తీస్తుంటే రాస్తున్నాను. ఏ యజమాని నన్ను ఎప్పుడు మేస్త్రిని చేశాడో, ఎంత జీతం పెంచాడో అలాంటివి మీకు ఎందుకూ పనికిరావు. చక్రానికి ఉండే నట్ల గురించి రాస్తాను. వాటి గురించి రాయాలంటే మా మేనమామ గురించి రాయక తప్పదు.

ఇబ్రహీం ఉస్తాద్

ఇప్పుడు అశోక్ చౌక్ అంటున్న దిక్కున అప్పట్లో మా గ్యారేజీ ఉండేది. గ్యారేజీ అంటే రేకుల కొట్టం, ముందు చింతచెట్టు నీడ, వెనక పాత టైర్ల గుట్ట. యజమాని మా పద్మశాలి సావుకారే. చీరల వ్యాపారంలో సంపాదించి, 1930ల మొదట్లో రెండు సర్వీసు బస్సులు, ఒక లారీ కొన్నాడు. చీరల నాణ్యం వేలితో తాకి చెప్పగలడు గానీ మోటారు గురించి ఆయనకు తెలిసింది దాని రంగు ఒక్కటే.

నాకు పని నేర్పింది ఇబ్రహీం ఉస్తాద్. సన్నగా, ఎప్పుడూ ఏదో కోపంగా ఉన్నట్టు కనబడేవాడు. కోపం ఉండేది కాదు, పొగాకు నములుతూ ఉండడం వల్ల ముఖం అలా కనిపించేది. ఆయన నాకు ముందు నేర్పింది బిగించడం కాదు, తుడవడం. చక్రం విప్పగానే అది కూర్చునే హబ్బు ముఖం, చక్రం వెనక ముఖం, బోల్టుల మరలు, నట్టు కూర్చునే గుంటలు, అన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో తుడవాలి. మట్టి పొర మీద బిగిస్తే ఆ మట్టి రోడ్డు మీద నలిగి రాలిపోతుంది. అది రాలినంత మేర నట్టు వదులవుతుంది. మరలకు నూనె రాయనిచ్చేవాడు కాడు. నూనె రాస్తే నట్టు సుఖంగా తిరుగుతుంది, మనం ఎంత బిగించామో చేతికి తెలియదు.

ఒక దసరాకు సావుకారు ముచ్చటపడి బస్సు చక్రాలకు ఆకుపచ్చ రంగు వేయించాడు. రంగు వేసినవాడు ధారాళంగా నట్టు కూర్చునే గుంటల్లో కూడా పూశాడు. పండుగ పూట పసుపు కుంకుమ పెట్టి, దండలు కట్టి, బండి బయలుదేరదీసే వేళకు ఉస్తాద్ వచ్చి చూశాడు. చక్రాలన్నీ విప్పించి, చాకు పట్టుకుని ఆ గుంటల్లో రంగు గోకడం మొదలుపెట్టాడు. సావుకారుకు ఒళ్లు మండింది.

"పండుగ పూట ఏంది ఉస్తాద్ ఇది? కొత్త రంగు గోకుతవా?"

"రంగు మీద నట్టు కూసుంటది సేఠ్. రెండు రోజులల్ల రంగు నలిగి పోతది. గప్పుడు నట్టు దేని మీద కూసోవాలె, మీరే చెప్పుండ్రి" అన్నాడు ఉస్తాద్, తల ఎత్తకుండా.

సావుకారు దండలు వాడిపోయేదాకా కూర్చుని చూశాడు. ఆ తర్వాత రంగు వేసేవాడిని పిలిచినప్పుడల్లా ఉస్తాద్‌ను అడిగి పిలిచేవాడు. యజమానుల్లో ఇలాంటివాళ్లు తక్కువ. పని తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, తెలిసినవాడు చెప్పినప్పుడు వినకపోవడమే వాళ్ల తప్పు.

జోరు చూపించే చోటు కాదు

మా గ్యారేజీలో తాలీం‌లో కుస్తీ పట్టే కుర్రవాడు ఒకడు ఉండేవాడు. మంచివాడు, బలం ఎక్కువ. పానాకు ఇనుప గొట్టం తొడిగి, దాని మీద కాలు పెట్టి ఎగిరి తొక్కేవాడు. నట్టు కీచుమనేది. వాడికి ఆ చప్పుడు వింటే పరమానందం. అలా తొక్కిన చక్రాల్లో ఒకదానికి అక్కల్‌కోట దారిలో రెండు బోల్టులు పుటుక్కున విరిగాయి. అదృష్టం కొద్దీ లారీలో నూలు బేళ్లు తప్ప మనుషులు లేరు. విరిగిన ముక్కలు తెచ్చి ఉస్తాద్ వాడి అరచేతిలో పెట్టాడు. బోల్టు నడుము దగ్గర సన్నబడి, మరలు సాగి ఉన్నాయి.

"పానా హై బేటా, లాఠీ నై. జోరు తాలీం‌ల చూపెట్టు" అన్నాడు.

ఇనుము కూడా సాగుతుంది. ఒక హద్దు వరకు సాగి వెనక్కి గుంజుతుంది, ఆ గుంజుడే నట్టును పట్టి ఉంచేది. హద్దు దాటితే సాగి చచ్చిపోతుంది, ఇక పట్టు ఉండదు. అందుకే పానాకు ఉన్న పిడి చాలు, మనిషి చేతి బరువు చాలు. చేతితో బిగించాక ఇంకొంచెం అని మనసు లాగుతుంది చూడండి, అక్కడే ఆపేయాలి. చెప్పినంత సులువు కాదు ఇది. నాకు చాలా కాలం పట్టింది.

ఉస్తాద్ తర్వాత ఊపిరి జబ్బు చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. గ్యారేజీ నా చేతికి వచ్చింది.

మామ మగ్గం

మా మేనమామ ఎల్లయ్య పేటలో పేరున్న నేతగాడు. నేత చూసినవాళ్లకు తెలుస్తుంది, పడుగు పోగులను, అంటే నిలువు దారాలను, దువ్వెనలాంటి అచ్చులో ఒక్కొక్కటిగా ఎక్కించడం ఎంత ఓపిక పనో. ఒక్క పోగు తప్పితే చీర పొడవునా గీత పడుతుంది, ఆ చీర రెండో రకం కిందికి పోతుంది. మా మామ అచ్చు ఎక్కిస్తే పోగు తప్పడం అనేది ఎవరూ చూడలేదు. వరుస వరుసే. మధ్యలో ఎవరు పిలిచినా పలికేవాడు కాదు, అత్త అన్నం పెట్టానన్నా లేచేవాడు కాదు.

అప్పటి రోజులు మీకు తెలియవు. మిల్లు చీర దిగింది, పవర్‌లూములు ఒక్కటొక్కటిగా వస్తున్నాయి, గుంట మగ్గం మీద నేసిన చీరను అడిగేవాడు లేడు. మామ చాలా కాలం ఓపిక పట్టి, చివరికి మగ్గం అమ్మేశాడు. ఇంట్లో మగ్గం గుంటను మట్టితో పూడ్చి, దాని మీద మంచం వేసుకున్నాడు. అత్త లచ్చమ్మ బీడీలు చుట్టడానికి కూర్చుంది. మామ ఆ మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉంటే మా అమ్మకు చూడబుద్ధి కాలేదు.

"నీ గ్యారేజీల ఏదన్న పని జూడు బిడ్డా. చేతులు ఊకె ఉంటె పిచ్చి లేస్తది వానికి" అంది.

నేను తీసుకెళ్లాను. నా కంటే పెద్దవాడు, నన్ను ఎత్తుకుని తిప్పినవాడు, నా కింద పనికి వచ్చాడు. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండేది. ఆయన మాత్రం ఒక్కనాడూ నొచ్చుకున్నట్టు కనబడలేదు. చక్రం తుడిస్తే అద్దంలా తుడిచేవాడు. మరల్లో ఇసుక రేణువు కూడా ఉంచేవాడు కాదు. చూసి నాకు ధైర్యం వచ్చింది, చక్రాల పని ఆయనకే అప్పగించాను. గ్యారేజీలో అందరికీ ఆయన మామే అయ్యాడు. మా పెద్ద బస్సు డ్రైవరు మహాదూ మరాఠీవాడు, మా పేట గల్లీల్లోనే పెరిగాడు కాబట్టి మా భాష మాలాగే మాట్లాడేవాడు. వాడు కూడా మామా అనే పిలిచేవాడు, మా అత్తను వాళ్ల పద్ధతిలో మామీ అనేవాడు.

ఘాటు దిగేటప్పుడు

తుల్జాపూర్ అమ్మవారి దగ్గరికి మంగళవారాలు మా బస్సు నిండా జనం పోయేవారు. షోలాపూర్ దాటాక కొంత దూరానికి నిజాం హద్దు, అక్కడ సుంకం నాకా, ఆ తర్వాత తుల్జాపూర్ ముందర ఘాటు, మలుపుల కొండదారి. ఒక మంగళవారం పొద్దున ముందు ఎడమ చక్రానికి పంచరు పడితే మామ చక్రం మార్చి బిగించాడు. బస్సు బాగానే ఎక్కింది. దర్శనాలు అయ్యి దిగేటప్పుడు మహాదూ చేతిలో స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. వాడు తెలివిగలవాడు, గట్టిగా బ్రేకు తొక్కలేదు. గేరులోనే బండిని నెమ్మది చేసి, లోయ వైపు కాకుండా కొండ వైపుకు ఆనించి ఆపాడు.

దిగి చూస్తే రెండు నట్లు లేవు. మిగతావి వేళ్లతో తిరుగుతున్నాయి. చక్రం రంధ్రాలు అరిగి కోడిగుడ్డులా సాగిపోయాయి. ఇంకో మలుపు దాటి ఉంటే ఏమయ్యేదో మహాదూకు బాగా తెలుసు. ఆడవాళ్లనూ పిల్లలనూ దింపి రోడ్డు పక్కన కూర్చోబెట్టి, ఇంకో బండిలో ఎక్కించి పంపి, చక్రం సర్ది, ఎంతో మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు.

గ్యారేజీలోకి వచ్చి ఆ అరిగిన చక్రం తెచ్చి మామ ముందు పడేశాడు. మామ దాని మీదికి వంగి, సాగిపోయిన రంధ్రాల్లో వేలు పెట్టి చూశాడు.

"నాకు ఇద్దరు పోరగాండ్లున్నరు మామా" అన్నాడు మహాదూ. గట్టిగా కూడా అనలేదు.

సావుకారు నన్ను పక్కకు పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. భయపడ్డ యజమాని మాట కఠినంగానే ఉంటుంది.

"మీ మామనే గావచ్చు రాజయ్యా. ఇగ చక్రాల మీద చెయ్యి ఎయ్యనియ్యకు. వచ్చే మంగళారం వరకు మహాదూ ఒప్పుకుంటె మీ మామ ఉంటడు, లేకుంటె పంపియ్యాలె."

ఇందులో నేను వాదించడానికి ఏమీ లేదు. బస్సు నడిపేది మహాదూ, ఎక్కేది జనం. కానీ మగ్గం గుంట పూడ్చుకున్న మనిషిని ఎక్కడికి పంపాలి?

వరుస తప్పని చెయ్యి

తప్పు ఎక్కడ జరిగిందో చూడాలని, వెనక కొట్టంలో ఒక పాత హబ్బు పెట్టి, మామను చక్రం బిగించమన్నాను. ఆయన తన పద్ధతిలో చేశాడు. పై నట్టు పట్టుకుని పూర్తిగా బిగించాడు. దాని పక్కది పూర్తిగా బిగించాడు. దాని పక్కది. అలా గుండ్రంగా వరుసగా ఒక్కటీ వదలకుండా తిరిగొచ్చాడు. చూస్తే ముచ్చటగా ఉంది, అదే తప్పు.

కొత్తవాళ్లు ఇది బాగా తెలుసుకోవాలి. మొదటి నట్టును ఒకేసారి బిగించేస్తే చక్రం ఆ మూల మీద హబ్బుకు అంటుకుని, ఎదురు మూల లేచి ఉంటుంది. తర్వాతి నట్లు అన్నీ బిగిసినట్టే చేతికి తెలుస్తాయి, కానీ చక్రం మాత్రం వంకరగానే కూర్చుని ఉంటుంది. రోడ్డు మీద నాలుగు గుంటలు తగలగానే చక్రం దాని చోట్లో అది సర్దుకుంటుంది, అప్పుడు నట్లన్నీ వదులే. అందుకే ముందు నట్లన్నీ వేళ్లతోనే ఎక్కించాలి. ఒకటి బిగిస్తే తర్వాత దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది బిగించాలి, అదీ సగం సగం. జాకీ మీద ఉండగా కొంత, టైరు నేలకు ఆనినాక మిగతాది. ఇంత మాత్రమే.

మామకు చెప్పాను. ఆయనకు అర్థమైంది, తల ఊపాడు. సుద్దముక్కతో నట్ల మీద గుర్తులు పెడితే ఆ గుర్తుల ప్రకారం చక్కగా చేశాడు. నేను పక్కకు వెళ్లి వచ్చేసరికి మళ్లీ గుండ్రంగా వరుసగా బిగిస్తున్నాడు. నన్ను చూసి పానా కింద పెట్టాడు.

"ఒక్కటి ఇడిసిపెట్టి అవతల దానికి పోవుడు నా చెయ్యికి రాదు అల్లుడా. పోగు తప్పినట్టె అనిపిస్తది. మనసుకు తెలుస్తది గాని, చెయ్యి ఇంటలేదు."

మొండితనం అయితే తిట్టవచ్చు. ఇది మొండితనం కాదు. జీవితమంతా ఆ చేతికి ఏది పరువో అదే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తోంది. మా పేట నుంచి నా దగ్గరికి పనికి వచ్చిన నేతగాళ్లు తర్వాత చాలామంది ఈ తప్పే చేశారు. వేరే కులాల కుర్రాళ్లు అడ్డదిడ్డంగా బిగించేవారు, మావాళ్లు మాత్రం వరుస తప్పకుండా తప్పు చేసేవారు. నవ్వు వచ్చే సంగతే గానీ ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

మహాదూను కదిపి చూశాను. వాడు బీడీ ఆర్పేసి, "మీ మామ మంచోడు రాజయ్యా. మంచితనం తోటి చక్రం ఆగదు" అన్నాడు.

అత్త చూసిన సంగతి

శనివారం మధ్యాహ్నం అత్త రొట్టెల మూట పట్టుకుని వచ్చింది. జొన్నరొట్టె, పల్లీల కారం, ఉల్లిగడ్డ. మామ వెనక కొట్టంలో అదే పాత హబ్బు ముందు కూర్చుని బిగించడం, విప్పడం, మళ్లీ బిగించడం చేస్తున్నాడు. అన్నానికి లేవమంటే లేవలేదు. అత్త మూట పక్కన పెట్టి, చీర కుచ్చెళ్లు దోపుకుని ఎదురుగా కూర్చుని చూసింది. జరిగినదంతా ఆమెకు తెలుసు. పేటలో తెలియనివాళ్లు ఎవరు?

కొంతసేపు చూసి నన్ను అడిగింది, "ఏమి రాజయ్యా, గీ చక్రాన్ని లోపటికి సక్కగ గుంజి కట్టుడే గదా ఈ పని?"

"గంతే అత్తా. వంకర కూసోవద్దు."

అత్త మామ వైపు తిరిగింది. "మరి గదేంది, గట్ల ఒక్క దిక్కే గుంజుతున్నవు? వాకిట్ల పడుగు గుంజేటప్పుడు ఇట్లనే జేస్తమా మనం? ఒక్క దిక్కు తాడు మొత్తం గుంజితె కర్ర వంకర వోదా?"

మామ చేతిలో పానా ఆగింది.

మగ్గాల వీధి చూడనివాళ్ల కోసం చెబుతాను. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును వీధి పొడవునా పరిచి గంజి పెడతారు. పడుగు కొసన అడ్డంగా వెదురు కర్ర ఉంటుంది, ఆ కర్రకు రెండు చివర్లా తాళ్లు. బిగించేటప్పుడు కుడి తాడు కొంచెం లాగాలి, వెంటనే ఎడమ తాడు కొంచెం, మళ్లీ కుడి. ఒక వైపే లాగేస్తే కర్ర వంకర పోయి, ఆ వైపు పోగులు తెగుతాయి, ఈ వైపు పోగులు వేలాడతాయి. మా పేటలో ఆడవాళ్లు, మగవాళ్లు ఎదురెదురు నిలబడి ఈ పని చేస్తారు. అత్తా మామా పెళ్లయిన నాటి నుంచీ చేశారు.

నేను మామకు వారమంతా పోగు వదిలేసి వెళ్లమని చెబుతున్నాను. ఆయన చేతికి అది కిట్టడం లేదు. అత్త ఆ మాట ఎత్తనే లేదు. ఆయన చేతికి తెలిసిన ఇంకో పనిని గుర్తు చేసింది. నాకు తట్టాల్సింది, తట్టలేదు. నేనూ ఆ వీధిలోనే పుట్టాను గానీ ఒక్కనాడూ తాడు పట్టలేదు.

"నువ్వు అవతల నిలవడు లచ్చమ్మా" అన్నాడు మామ.

అత్త లేచి చక్రానికి అవతల నిలబడింది. మామ పై నట్టు సగం బిగించి, "నీ దిక్కు" అన్నాడు. అత్త కింది నట్టు మీద వేలు పెట్టింది. ఆయన పానా అక్కడికి తెచ్చి సగం బిగించాడు. "నా దిక్కు" అంటూ ఇంకోటి. "నీ దిక్కు" అంటూ దాని ఎదురుది. అలా సగం, తర్వాత పూర్తి. నేను చక్రం వెనక ముఖం తడిమి చూశాను, చుట్టూ సమంగా ఆనుకుని ఉంది. అత్త రొట్టెల మూట విప్పింది. ఆ రోజు మామ కడుపునిండా తిన్నాడు.

సాయంత్రం వరకు ఆయన ఒక్కడే చేస్తూ కూర్చున్నాడు. అవతల ఎవరూ లేకపోయినా "నీ దిక్కు" అని నోట్లో గొణుక్కుంటూ చేశాడు. నేను చాటు నుంచి చూశాను, ఒక్కసారీ తప్పలేదు. వెళ్లేటప్పుడు ఆయనే అడిగాడు, "కొత్త పడుగు మొదట సాగుతది, మల్ల గుంజాలె. ఇది గూడ సాగుతదా?"

"సాగుతది మామా. కొంత దూరం పోయినంక మల్ల చూడాలె. ఉస్తాద్ చెప్పిండు గాని డ్రైవర్లు ఆపరు, జనం లొల్లి పెడతరు."

"నాకా కాడ ఎట్లయిన ఆగుతది గదా బండి. నేనొచ్చి జూస్త" అన్నాడు.

మంగళవారం

మంగళవారం పొద్దున బస్సు చుట్టూ కొబ్బరికాయలు, పూల బుట్టలు పట్టుకుని జనం. సావుకారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముందు ఎడమ చక్రం మళ్లీ విప్పించి, మామను బిగించమన్నాను. మహాదూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామ తుడిచాడు, నట్లు వేళ్లతో ఎక్కించాడు, ఎదురెదురుగా బిగించాడు, జాకీ దింపాక మళ్లీ బిగించాడు.

సావుకారు మహాదూ వైపు చూశాడు. "ఏమంటవు?"

మహాదూ వంగి చక్రం చూసి, "బరాబర్ జేసిండు. మగర్ మొన్న గూడ నాకు బరాబరే అనిపించింది సేఠ్" అన్నాడు.

వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. బయటి నుంచి చూస్తే బిగిసిన నట్టూ, బిగిసినట్టున్న నట్టూ ఒకలాగే ఉంటాయి. సావుకారు నా వైపు చూశాడు. మామ పానా గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, మూత వేశాడు. ఇక ఇంటికి వెళ్లడానికి సిద్ధమైనట్టు కనబడ్డాడు. ఆ ఇంట్లో ఉన్నది మంచం ఒక్కటే.

అత్త జనంలోంచి ముందుకు వచ్చింది. ఎప్పుడు వచ్చి నిలబడిందో నేను చూడలేదు. ఆమె పుట్టి బుద్ధెరిగాక మోటారు ఎక్కలేదు. పెట్రోలు వాసన వస్తేనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. పండరిపురానికైనా నడిచే పోయేది.

"ముందల సీటు ఎవలది?" అని అడిగింది.

డ్రైవరు పక్కన, సరిగ్గా ఆ చక్రం మీద ఒక సీటు ఉండేది. "ఎవలది గాదు మామీ" అన్నాడు మహాదూ.

"అయితె నేను కూసుంట. ఆయన బిగించిన చక్రం మీద నేను కూసుంట. నువ్వు నడుపు నాయనా."

ఎక్కడం రాక రెండుసార్లు జారింది. మామ వచ్చి చెయ్యి పట్టి ఎక్కించాడు. ఆమె ఎదురుగా ఉన్న ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది. మహాదూ ఆమెను చూశాడు, కింద చక్రాన్ని చూశాడు. ఎక్కి కూర్చున్నాడు. మామా నేనూ వాళ్ల వెనక సీటులోనే సర్దుకున్నాం.

నాకా దాకా అత్త కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, అమ్మవారిని తలుచుకుంటోందని తెలుస్తూనే ఉంది. వేళ్లు కమ్మీకి అతుక్కుపోయి తెల్లబడ్డాయి. బండి కుదుపు తగిలినప్పుడల్లా మామ ముందుకు వంగి ఆమె భుజం చూసేవాడు. నేను స్టీరింగు మీద మహాదూ చేతులు చూస్తూ కూర్చున్నాను. అవి కుదురుగానే ఉన్నాయి.

నాకా దగ్గర బండి ఆగింది. సుంకం సిపాయిలు మూటలు తడుముతుండగా మామ పానా తీసుకుని దిగాడు. ఎదురెదురుగా నట్లన్నీ పట్టి చూశాడు. రెండు నట్లు కొంచెం కదిలి, మళ్లీ గట్టిగా నిలిచాయి. ఎదురుగా ఘాటు కొండ కనబడుతోంది. మామ లేచి, పానా మహాదూకు అందించాడు.

"కొత్త పడుగు గదా, జరంత సాగింది. ఇప్పుడు నిలవడ్డది. నువ్వు గూడ ఒకసారి పట్టి సూడు బిడ్డా."

మహాదూ పానా అందుకోలేదు.

"మామీ ముందు కూసున్నది గదా మామా. నాకు గంతే బస్" అని ఇంజను స్టార్టు చేయడానికి వెళ్లాడు.

అత్త ఈ మాట వినే ఉంటుంది. కమ్మీ మీద ఒక చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఘాటు మొదలయ్యేసరికి రెండో చెయ్యి కూడా తీసేసింది. వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదని నాకు తెలుసు. రెండో మలుపు తిరిగేసరికి అత్త తల కిటికీ కమ్మీకి ఆనుకుంది. ఆమె నిద్రపోయింది.